రెండు రాళ్ళు మిగిలిన ఆదివారం

కిందటి నెల తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల వాళ్ళమంతా కలిసి పిట్టల్ని చూడ్డానికి చెరువు గట్టుకి వెళ్ళాం. దారి చూపించడానికి వచ్చినతను ముప్పై ఏళ్ళవాడు, మెడలో ఖరీదైన బైనాక్యులర్స్. ఏ పిట్ట ఎగిరినా టకటకా పేరు చెప్పేస్తున్నాడు. మేము ఫోన్లలో రాసుకుంటున్నాం. అరగంటలో ఇరవై పేర్లు పోగయ్యాయి గానీ, ఒక్క పిట్టయినా కళ్ళల్లో నిలవలేదు. తిరిగి వచ్చేటప్పుడు అతనే నవ్వి, "మాకు నేర్పిన పెద్దసారు ఉంటే నన్ను ఈపాటికి ఉరికించి కొట్టేటోడు మేడమ్. పేర్లు చెప్పనిచ్చేటోడే కాదు" అన్నాడు.

నేను గట్టు మీద ఆగిపోయాను. "కొండాపూర్‌లోనా? మంకీ టోపీ పెట్టుకునేవారు, ఆయనేనా?"

"ఆయననే. మీకెట్ల ఎరుక? పోయిండు మేడమ్, రెండేండ్లయింది. నార్సింగిల్నే."

ఆయన నాకు ఏమీ కారు. రెండు చలికాలాలు, అవీ ఆదివారాలు మాత్రమే చూశాను. అసలు పేరు కూడా తెలియదు, అందరూ పెద్దసారు అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. అయినా ఆ రోజు ఇంటికొచ్చి వంట కూడా చెయ్యకుండా కూర్చున్నాను. మా ఆయన అడిగితే, "నన్ను తిట్టినాయన పోయారు" అని చెప్పాను. ఆయనకి వెంటనే అర్థమైంది.

మంకీ టోపీ గురించి ముందు చెప్పాలి. ముదురు ఎరుపు, ఊలు లేచిపోయి ఉండేది. చలి ఎంత ఉన్నా ఎడమ చెవి దగ్గర మాత్రం పైకి మడిచేవారు. కుడి చెవి అంతగా వినిపించదట. నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగి, ఎడమ చెవిని పొదలవైపు తిప్పి, కళ్ళు మూసుకునేవారు. వెనక ఇరవై మందిమీ ఆగిపోయేవాళ్ళం. ఐటీ కంపెనీల మేనేజర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లల తల్లులు, అందరం ఊపిరి బిగబట్టి ఆ చెవినే చూసేవాళ్ళం. కాసేపటికి కళ్ళు తెరిచి, వేలితో కాకుండా గడ్డంతో చూపించేవారు. వేలు పెట్టి చూపిస్తే పిట్టకి కోపం వస్తుందని ఆయన నమ్మకం. గడ్డం ఎటు తిరిగిందో తెలియక మేము నాలుగు దిక్కులూ చూసేవాళ్ళం.

"అది ఏం పిట్ట సార్?" అని ఎవరైనా అడిగితే, దొరికిపోయినట్టే.

"మూడు సంగతులు జెప్పు, అప్పుడు పేరు జెప్త."

ఆ పిట్టలో మనం కనిపెట్టినవి మూడు చెప్పాలి. తోక పొడుగుందనో, తలమీద జుట్టుందనో అంటే అవి లెక్కలోకి రావు. "గది ఫోటోల గూడ కనవడ్తది. అదేం జేస్తున్నదో చెప్పు." తోక ఆడించుకుంటూ నేలమీద నడిచే ఒక బూడిదరంగు పిట్ట ఉండేది, చలికాలం మాత్రమే వచ్చేది. అది ఆగేటప్పుడు కూడా తోక ఆగదని మా అమ్మాయి చిన్ని మూడో వారానికి కనిపెట్టింది. నీళ్ళ దగ్గర ఉంటుంది గానీ కాళ్ళు తడుపుకోదని ఐదో వారానికి. మూడో సంగతి దొరికేలోపు చలికాలం అయిపోయింది, పేరు చెప్పలేదు. "పేరు జెప్తే చూసుడు బంద్ జేస్తరు" అనేవారు. ఆ పిట్ట పేరు ఇప్పుడు ఫోన్లో ఒక్క నిమిషంలో దొరుకుతుంది. నేనింతవరకూ వెతకలేదు, చిన్నిని కూడా వెతకనివ్వలేదు.

అక్కడికి మేము వెళ్ళడం మొదలుపెట్టిన తీరు కూడా చెప్పాలి. కొండాపూర్‌లో, అద్దాల ఆఫీసుల మధ్య, ప్రహరీ కట్టి వదిలేసిన అడవి అది. చలికాలం నాలుగు నెలలూ ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకి, అడవిని చూపించి చెబుతాం, ఉచితం అని గేటు మీద కాగితం అంటించారు. మా ఆయన చదివి, "హైదరాబాద్‌లో ఉచితం అంటే టిఫిన్ పెట్టి శంకర్‌పల్లిలో ప్లాటు అమ్ముతారు, జాగ్రత్త" అన్నారు. నేను నవ్వానే గానీ, వెళ్ళాలనే అనుకున్నాను. అవి ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఎప్పుడు బంద్ అంటారో, ఎప్పుడు బళ్ళు మూస్తారో తెలియదు. టీవీ పెడితే అరుపులు, ఆపితే వీధిలో నినాదాలు. చిన్నికి ఎనిమిదేళ్ళు. కుక్కర్ కూతకి కూడా ఉలిక్కిపడటం నేర్చుకుంది. ఆ పిల్లకి వారానికి రెండు గంటలైనా వేరే చప్పుడు వినిపించాలని నా ఆరాటం.

మాది తెనాలి. అప్పటికి కొత్తగూడలో కిరాయికి ఉంటున్నాం, నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసేదాన్ని. నిజం చెప్పాలంటే నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పాలవాడు అనలేదు, ఇంటాయన అనలేదు, ఆటోవాళ్ళు కూడా అనలేదు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం నేను. మొదటి ఆదివారం గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయమన్నారు. తలెత్తి చూస్తే పెద్దసారు స్వెటర్ మీద 'జై తెలంగాణ' బ్యాడ్జీ. అంతే. ఉదయలక్ష్మిని కాస్తా పద్మనయ్యాను. తెనాలి వరంగల్ అయింది. ఆఫీసులో నా పక్క సీటామెది వరంగల్ కాబట్టి చేతికి అదొచ్చింది. ఫోన్ నంబర్లో చివరి అంకె కూడా మార్చాను.

"వరంగల్ల యాడ బిడ్డ?" అని అడిగారు ఆయన.

"హన్మకొండ" అన్నాను, ఎందుకైనా మంచిదని మాటలు తగ్గించి.

"మంచిగుంటది" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

చిన్నికి మాత్రం 'అండీ' అనొద్దని ఇంటి దగ్గర ఎంత చెప్పి తీసుకెళ్ళినా నాలుక నిలవదు. "తాతగారండీ, ఇటు చూడండీ, ఇక్కడ పుట్ట ఉందండీ" అంటూ ఆయన వెనకే తిరిగేది. నేను తేలు కుట్టిన దొంగలా దిక్కులు చూసేదాన్ని. ఆయన మాత్రం, "చూస్తున్ననండీ, మీరు జర మెల్లగ మాట్లాడండీ" అని దానికి దాని భాషలోనే జవాబిచ్చేవారు. మా గుంపులో కూకట్‌పల్లి నుంచి వచ్చే మూర్తిగారని ఒకాయన ఉండేవారు. భీమవరం మనిషి. 'ఆయ్' అంటూ అడవి అదిరేలా మాట్లాడేవారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, పెద్దసారు పైగా ఆయన భుజం మీద చెయ్యేసి నడిచేవారు. అది ప్రతి ఆదివారం కళ్ళారా చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. మూర్తిగారు నా గుట్టు పట్టేస్తారేమోనని ఆయనకి పది అడుగుల దూరంలో నడిచేదాన్ని.

ఆ బ్యాడ్జీ ఊరికే పెట్టుకున్నది కాదు. చౌరస్తాలో రిలే దీక్షల టెంటు వేస్తే అందులో కూర్చునేవారు. ఒకసారి మూర్తిగారే అడిగారు, "ఏమండీ, ఆదివారం మీరిక్కడుంటే అక్కడ టెంటు ఖాళీ అయిపోదాండీ?" అని. పెద్దసారు టోపీ సర్దుకుని, "తెలంగాణకు ఆరు దినాలు, అడివికి ఒక్క దినం. తెలంగాణ వచ్చినంక అడివి లేకుంటె ఏం జేస్కుంటం?" అన్నారు. మూర్తిగారు ఆలోచించి, "అదీ నిజమేనండీ" అన్నారు.

ఇక రాళ్ళ సంగతి. గేటు లోపల ఒక సత్తు బేసిన్ ఉండేది, దాని పక్కన గులకరాళ్ళ కుప్ప. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ కుప్పలోంచి ఒక రాయి తీసి బేసిన్‌లో వెయ్యాలి. తిరిగి వచ్చేటప్పుడు ఒక రాయి తీసి కుప్పలో పడెయ్యాలి. బేసిన్ ఖాళీ అయితే అందరూ బయటికొచ్చినట్టు, అప్పుడు గాని పెద్దసారు గేటు దాటరు. ఆ అడవిలో వాచర్‌గా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. అంతకుముందు, అడవికి ప్రహరీ లేని రోజుల్లో, ఆ బండల మీదే వాళ్ళ నాన్న మేకలు కాసేవారట. "మా నాయిన గిట్లనే లెక్క వెట్టేటోడు. రాయి మిగిలిందంటె మేక మిగిలినట్టే. బువ్వ తినకపోయేటోడు" అని మొదటిరోజే చెప్పారు. మేనేజర్లు నవ్వారు. నేనూ నవ్వాను. రిజిస్టర్ ఉండగా రాళ్ళెందుకు అనుకున్నాను, అందులో నేను రాసిన రాతలు గుర్తుండి కూడా.

రెండో చలికాలంలో, ఢిల్లీ కమిటీ నివేదిక రేపో మాపో అంటున్న రోజుల్లో, ఒక ఆదివారం జరిగింది ఇది.

నడక మధ్యలో పది నిమిషాల మౌనం ఉండేది. ఎవరికి నచ్చిన చెట్టు కింద వాళ్ళు విడివిడిగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎన్ని రకాల చప్పుళ్ళు వినిపించాయో లెక్కపెట్టుకోవాలి. నేనూ చిన్నీ ఒక రేల చెట్టు కింద కూర్చున్నాం. ఫోన్ సైలెంట్‌లో ఉంది గానీ ఒళ్ళో వణుకుతూనే ఉంది. చూస్తే మా ఆయన మెసేజ్. చౌరస్తాలో బస్సులు ఆపేస్తున్నారు, రేపు బంద్ అట, వెంటనే వచ్చెయ్యండి అని. గేటు దాకా వెళ్ళి రోడ్డు మీదుగా తిరిగి వెళ్ళాలంటే చౌరస్తా దాటాలి. మేము కూర్చున్న చోటికి దగ్గర్లోనే ప్రహరీ కూలిన సందు ఉంది, అవతలే కొత్తగూడ. లేచి చూస్తే అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. పెద్దసారు దూరంగా బండ మీద, చెవి తిప్పుకుని. అంత నిశ్శబ్దాన్ని చెడగొట్టడం మర్యాద కాదనిపించింది. నా మర్యాద తగలెయ్య. చిన్ని చెయ్యి పట్టుకుని, చెప్పులు చప్పుడు కాకుండా సందులోంచి జారుకున్నాను. రాళ్ళు గుర్తే రాలేదు.

ఆ వారమంతా ఇల్లు కదల్లేదు. మరుసటి ఆదివారానికి కాస్త సద్దుమణిగింది. చిన్నిని నిద్ర లేపే ముందు దారి ఎలా ఉందో చూసొద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను. అడవి ఎదురుగా టీ బండి దగ్గర ఆగాను. గేటు మూసి ఉంది. టీ బండామెని అడిగితే గ్లాసులు కడుగుతూ చెప్పింది.

"నడుసుడు బంద్ అయిందమ్మ. పోయిన ఐతారం ఒక తల్లి, బిడ్డ లోపటికి పోయిన్రు, మళ్ళ రాలేదట. రెండు రాళ్ళు మిగిలినయంట. రిజిస్టర్ల ఉన్న ఫోన్లన్ని జేసిండ్రు. అందరు దొరికిన్రు, వరంగల్ ఆమెది ఎవరికో పోయింది, రాంగ్ నంబర్ అన్నరు. పెద్దసారు వారం సంది లోపట్నే తిరుగుతుండు పాపం. బండ మీద జారి కాలు బెణికింది, అయినా ఇంటికి పోతలేడు. బంద్‌లని ఇన్ని దినాలు ఆగిండు గని, ఇయ్యాల ఫారెస్ట్ ఆఫీసరు పోలీస్ స్టేషన్ల రాసిస్తడట. ఇగ ఈ కార్యక్రమం ఉండదు."

ఎవరి కోసం వెతుకుతున్నారో నాకు తెలియడానికి క్షణం పట్టలేదు.

టీ బండి నుంచి గేటుకి యాభై అడుగులు. ఇక్కడ నా గురించి గొప్పగా రాసుకునే అవకాశం ఉంది గానీ, జరిగింది అది కాదు. నేను వెనక్కి తిరిగాను. పద్మ అనే మనిషి లేదు, ఆ నంబరు నాది కాదు, ఊరు నాది కాదు. ఇంటికి పోయి ఆదివారాలు మానేస్తే ఈ జన్మలో ఎవరికీ తెలియదు. గేటు దగ్గరికి వెళ్ళి ఆంధ్రా దాన్ని, అబద్ధం రాశాను, మీ పెద్దసారు కాలు నా వల్లే బెణికింది అని ఈ రోజుల్లో ఎలా చెప్పను? సగం దారి అలాగే నడిచాను. అప్పుడు ఆయన గుర్తొచ్చారు. రాయి మిగిలితే వాళ్ళ నాన్న బువ్వ తినకపోయేటోడు అన్నది గుర్తొచ్చింది. ఆయన వారం రోజులుగా చిన్ని కోసం వెతుకుతున్నారు. దొరకదు, ఎందుకంటే అది ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను చెప్పకపోతే ఆయన వెతుకుతూనే ఉంటారు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. ఇంటికి పరిగెత్తి, నిద్రకళ్ళ పిల్లకి స్వెటర్ తొడిగి లాక్కొచ్చాను.

మేమొచ్చేసరికి గేటు తెరిచారు. ఆఫీసరు బల్ల దగ్గర కూర్చుని కాగితం రాస్తున్నాడు. చుట్టూ పది పన్నెండు మంది మా గుంపు వాళ్ళే. పెద్దసారు పక్కన అరుగు మీద ఉన్నారు. టోపీ లేదు, అంతవరకూ ఆ బట్టతల చూడలేదు నేను. కాలికి పసుపు పూసిన గుడ్డ కట్టుంది. గడ్డం పెరిగి మనిషి సగమయ్యారు.

"తాతగారండీ!" అంది చిన్ని, నా చెయ్యి విదిలించుకుని.

ఆయన తలెత్తారు. లేవబోయి, కాలు ఆనక మళ్ళీ కూలబడ్డారు. చిన్ని వెళ్ళి ఆయన మోకాళ్ళ మీద పడింది. రెండు చేతులతో దాని తల, భుజాలు, మోచేతులు తడిమి చూశారు. "ఉన్నవా బిడ్డ? ఉన్నవా?" అంటున్నారు, అంతే. మూర్తిగారు మొహం తిప్పుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

నేను ఆఫీసరు ముందు నిలబడి అన్నీ చెప్పేశాను. నా పేరు ఉదయలక్ష్మి అండి, మాది తెనాలి అండి, నంబరు కూడా తప్పు రాశానండి, గోడ సందులోంచి వెళ్ళిపోయామండి. రెండు చలికాలాలుగా మింగిన 'అండి'లన్నీ ఒకేసారి బయటపడ్డాయి. నేను పెద్దసారు వైపు చూడలేకపోయాను.

"ఇటు రా" అన్నారు ఆయన.

వెళ్ళాను.

"గద్దలు యాడ తిరిగితె ఆడికి వోయిన నేను. సమజైందా? ఏడు దినాలు. పొద్దుగాల లేసి మొగులు మీదికి చూసుడు, గద్ద దిగిందంటె ఉరుకుడు. గుంతలల్ల చూసిన, బావిల చూసిన. గా పిల్ల చెప్పు కనవడ్తదేమో అని పొద పొద ఇడ్వకుంట చూసిన. నీకు అక్కలు లేరా, అన్నలు లేరా, ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు చెప్పి ఎల్లాలె అని నీకెవ్వలు నేర్పలే?"

"సార్, మాది తెనాలి అని భయపడి..."

"తెనాలైతే నాకేంది, ఢిల్లీ అయితే నాకేంది! తెనాలోళ్ళు చెప్పకుంట పోతరా? బుద్ధి ఉండాలె మనిషికి! సదువుకున్నవ్, నౌకరి జేస్తున్నవ్, రెండు రాళ్ళు తీసి పారేసుడు రాదా నీకు?"

అలా ఎంతసేపు తిట్టారో తెలియదు. గొంతు బొంగురుపోయేదాకా తిట్టారు. నేను తల వంచుకుని ఏడుస్తున్నాను, నిజమే. కానీ ఆ ఏడుపులో రెండు చలికాలాలుగా నేను మోస్తున్న బరువు దిగిపోతోంది. తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకుండా కొత్తవి వెతుక్కుంటున్నారు, వాటిలో ఒక్కటి కూడా మా ఊరి మీద లేదు. చివరికి ఆయాసం వచ్చి ఆగారు. మూర్తిగారు నీళ్ళ సీసా అందిస్తూ, "ఆయ్, పోన్లెండి సార్, దొరికారు కదాండీ" అన్నారు. నా వైపు తిరిగి, "తెనాల్లో ఎక్కడండీ?" అని అడిగారు. ఆఫీసరు రాస్తున్న కాగితం నలిపి జేబులో పెట్టుకున్నాడు. పై వారం నుంచి నడక ఉంటుందని, కూలిన సందు మాత్రం ముళ్ళకంపతో మూయిస్తానని చెప్పాడు.

"పై వారమేంది?" అన్నారు పెద్దసారు. "మంది వచ్చిన్రు గద. మూర్తీ, వీళ్ళను తీస్కవో. నేను ఈడ్నే కూసుంట." అని అరుగు మీదే వెనక్కి వాలి, చిన్ని ఇంకా పక్కన ఉండగానే, నిద్రపోయారు. ఏడు రోజుల నిద్ర. మేము తిరిగొచ్చేదాకా లేవలేదు, ఎవరమూ లేపలేదు.

ఆ పూట ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తూ మా ఆయనతో, "ఇవాళ నన్ను ఒకాయన అందరి ముందూ తిట్టాడు" అన్నాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎవరు? ఏమన్నారు? ఆంధ్రావాళ్ళమనా?"

"కాదు," అన్నాను. "చెప్పకుండా వచ్చేసినందుకు."